మోనికా మాత

తల్లి ప్రేమలో దైవప్రేమ ఛాయను చూచుట లోకమున చాల ప్రాచీనమైన భావము. క్రైస్తవుల వేదగ్రంథమున భగవంతుని తండ్రిగా సంబోధించుట ప్రసిద్ధమే అయినను, తల్లిగా భావించిన తావులును లేకపోలేదు. యెషయా ప్రవక్త చంటిబిడ్డను మరువజాలని తల్లిని చూపి, దైవమునకు తన ప్రజలయెడ గల మమత అంతకంటెను మిన్న అని బోధించెను. యేసుక్రీస్తు యెరూషలేము పురమును తలచి దుఃఖించినప్పుడు, పిల్లలను రెక్కల క్రిందికి చేర్చుకొనగోరు కోడితో తన్ను పోల్చుకొనెను. అయితే ఈ పోలికలో ఒక చిక్కు కలదు. తల్లి మానవమాత్రురాలు. ఆమె ప్రేమలో త్యాగముతోపాటు మమకారమును, సహనముతోపాటు పట్టుదలయు, ఆశీస్సుతోపాటు ఆశయు కలసియుండును. అట్టి ప్రేమ దైవప్రేమకు ప్రతిబింబమగుట యెట్లు? ఈ ప్రశ్నకు తర్కముతో గాక తన జీవితముతో సమాధానము చెప్పిన స్త్రీ మోనికా.

ఆమె గ్రంథకర్త్రి కాదు. మఠములను స్థాపించినది కాదు. నాలుగవ శతాబ్దమున, రోమను సామ్రాజ్యమునకు లోబడిన ఉత్తరాఫ్రికాలో, ఒక చిన్న పట్టణమున సంసారము నడపుకొన్న సామాన్య గృహిణి. ఆమెను లోకమునకు తెలిపినవాడు ఆమె కుమారుడు. అతడే పాశ్చాత్య క్రైస్తవ తత్త్వచింతనకు మూలస్తంభములలో ఒకడైన అగస్టీను. తల్లి గతించిన పదేండ్లకు అతడు లాటిను భాషలో 'కన్ఫెషన్సు' అను ఆత్మకథను వ్రాయ నారంభించెను. పదుమూడు భాగముల ఆ గ్రంథమున తొమ్మిదవది చాలవరకు మాతృస్మృతికే వినియోగమైనది. మోనికాను గూర్చి మనము ఎరిగినదంతయు ఇంచుమించు కుమారుని లేఖిని నుండి వెలువడినదే. ఆ కుమారుడు తల్లిని పూజించెనే గాని, ఆమె లోపములను దాచలేదు. కావుననే ఆ చిత్రము నమ్మదగినదిగా నున్నది.

మోనికా క్రీ. శ. 332 ప్రాంతమున తగాస్తే పట్టణమున జన్మించెను. నేడది అల్జీరియా దేశమున సూక్ అహ్రాస్ అను పేర నున్నది. తల్లిదండ్రులు క్రైస్తవులు. ఆ యింట ఒక వృద్ధదాసి ఉండెను. మోనికా తండ్రిని పసితనమున వీపున మోసి పెంచినది ఆమెయే. ఆ చనువుచేత ఇంటి ఆడపిల్లల శిక్షణ భారమంతయు ఆమెపై నుండెను. భోజనవేళ తప్ప తక్కిన వేళలందు పిల్లలకు మంచినీరైనను త్రాగనిచ్చెడిది కాదు. నేడు నీటికి నిగ్రహము నేర్వనివారు రేపు పెండ్లియై ఇంటి తాళపుచెవులు చేతికి వచ్చినపుడు మద్యమునకు నిగ్రహింపజాలరని ఆమె వాదము.

ఇంత కట్టుబాటులోను చిన్న పొరపాటు జరుగనే జరిగినది. పీపా నుండి ద్రాక్షారసము ముంచి తెచ్చు పని బాలికకు అప్పగింపబడెడిది. పాత్రలో పోయుటకు ముందు పెదవి తడుపుకొనుట మొదట వేడుకగా నుండెను. పిదప అది గ్రుక్కెడై, క్రమముగా గిన్నెడైనది. ఒకనాడు వెంట వచ్చు దాసీపిల్ల కలహమాడి, త్రాగుబోతువని మొగము మీదనే నిందించెను. ఆ మాట మోనికాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. ఆమె కోపింపలేదు. నిజమని గ్రహించి నాటితో ఆ యలవాటు విడిచెను. హితము కోరి చెప్పని మాట వలన గూడ హితము కలుగునని అగస్టీను ఈ సంఘటన నుండి తీసిన నీతి. మన పాఠశాలలలో ఉపాధ్యాయుల మందలింపు చేయలేని పనిని తోటిపిల్లల ఒక్క మాట చేయుట మనము ఎన్నిసార్లు చూడలేదు?

యుక్తవయసున ఆమెను పాట్రిసియసు అను వానికి ఇచ్చి వివాహము చేసిరి. ఆయన కొద్దిపాటి భూవసతి గలవాడు, పట్టణ పాలకసభలో సభ్యుడు, క్రైస్తవుడు కాడు. మనసు మంచిదే గాని ముక్కుమీద కోపము. పరస్త్రీ వ్యామోహమును కలదు. ఆ కాలమున భార్యను కొట్టుట తప్పుగా నెంచబడెడిది కాదు. ఊరి ఇల్లాండ్రలో పలువురి మొగములపై దెబ్బల గుర్తులు కనబడుచుండెడివి. పాట్రిసియసు వంటి కోపిష్ఠి యింట ఒక్క దెబ్బయైనను మోనికాపై పడకుండుట వారికి వింతగా నుండెను. భర్త కోపించినవేళ ఆమె మాటతో గాని చేతతో గాని ఎదిరింపదు. కోపము చల్లారిన పిదప సమయమెరిగి తన న్యాయమును విన్నవించును. ఇది నేటి కాలమునకు ఆదర్శమనిపించుకొనకపోవచ్చును. దౌర్జన్యమును సహించుట ధర్మమని ఈనాడు ఎవరును బోధింపరాదు. కాని ఉన్న పరిస్థితులలో ఒక స్త్రీ తన గౌరవమును కాపాడుకొనుటకు ఎంత వివేకమును వినియోగించెనో ఇందువలన తెలియును.

అత్తగారు మొదట దాసీల చాడీలు విని కోడలిపై కత్తి కట్టెను. మోనికా ఓర్పుతో, ఒద్దికతో ఆమె మనసు మార్చెను. చివరకు అత్తగారే చాడీలు చెప్పినవారిని పట్టియిచ్చినది. మోనికా గుణములలో కుమారుడు విశేషముగా చెప్పిన మరియొకటి కలదు. పగబూనిన ఇరువురు స్త్రీలు ఒకరిపై నొకరు ఆమెయొద్ద విషము గ్రక్కినను, ఆమె ఒకరి మాట మరియొకరికి చేరవేయదు. వారిని కలుపగల మాటలు మాత్రమే చెప్పును. చూచుటకు చిన్న గుణము. కాని తెగిన సంబంధములను అతుకుట అనునదే ఆమె జీవితమంతటికిని స్వభావమైనది. పాట్రిసియసు తుదకు క్రైస్తవ ధర్మమును స్వీకరించి 371 ప్రాంతమున కన్నుమూసెను.

వారి సంతానములో ముగ్గురిని గూర్చి మనకు తెలియును. అగస్టీను, నవీజియసు అను కుమారులు ఇద్దరు. పేరు తెలియరాని కుమార్తె ఒకతె. అగస్టీను 354 నవంబరు 13వ తేదీన జన్మించెను. బాలుడు తీక్ష్ణబుద్ధి. తల్లిపాలతోనే క్రీస్తు నామము తన హృదయమున చేరినదనియు, కనుకనే ఆ నామము లేని ఏ శాస్త్రమును తన్ను పూర్తిగా లోగొనలేకపోయినదనియు అతడు తరువాతి కాలమున తలపోసెను. అయినను చదువుతోపాటు చాపల్యమును పెరిగినది. మదౌరా పట్టణమున విద్యాభ్యాసము చేయుచుండగా ధనము చాలక పదునారవ యేట ఇల్లు చేరి, ఒక సంవత్సరము ఊరకనే కాలక్షేపము చేసెను. తల్లి ఏకాంతమున పిలిచి నడవడిని గూర్చి హెచ్చరించినది. ఆడుదాని మాటగా ఎంచి అతడు పెడచెవిని పెట్టెను.

ఇచ్చటనే మోనికా ప్రేమలోని మొదటి పొరను కుమారుడు బయటపెట్టినాడు. ఆ వయసున అతనికి వివాహము చేసియుండిన దారి తప్పకుండెడివాడేమో. కాని భార్య కాలికి సంకెల యగునని, చదువుకు, పైకివచ్చుటకు అడ్డమగునని తల్లియు వెనుకాడెను. విద్య అతనిని చివరకు దైవమునొద్దకు చేర్చునని ఆమె తలంపు. బిడ్డ పుణ్యాత్ముడు కావలెననియు, పేరుప్రతిష్ఠలు గడింపవలెననియు, ఏకకాలమున ఆమె కోరినది. ఏ తల్లి కోరదు? పరీక్షలలో ప్రథముడు కావలెనని, ప్రవర్తనలోను ప్రథముడు కావలెనని, రెండింటిలో ఒకటి జారిపోవుచున్నపుడు ఏది ముందు పట్టుకొనవలెనో తోచక తడబడు తలిదండ్రులను మనము నిత్యము చూచుచునే యున్నాము.

అగస్టీను కార్తేజి మహానగరమునకు పోయెను. తండ్రి పోయిన పిమ్మట తల్లి ఆ చదువు ఖర్చు భరించెను. రొమానియానసు అను ఊరి శ్రీమంతుడును తోడ్పడెను. కార్తేజిలో అగస్టీను వివాహము లేకయే ఒక స్త్రీతో కాపురము పెట్టెను. వారికి ఒక కుమారుడు కలిగెను. వానికి పెట్టిన పేరు అడియోడాటసు, అనగా దైవదత్తుడు. పందొమ్మిదవ యేట సిసిరో గ్రంథమొకటి చదువగా అగస్టీను మనసున జ్ఞానతృష్ణ రగిలినది. ఆ తృష్ణతో అతడు మాని మతస్థులలో చేరెను. మూడవ శతాబ్దమున పారసీక సామ్రాజ్యమున బోధించిన మాని అను ప్రవక్త స్థాపించిన మతమది. వెలుగు, చీకటి అను రెండు అనాదిశక్తుల పోరాటమే ప్రపంచమని దాని సిద్ధాంతము. పాపము చేయునది నేను గాదు, నాలోని చీకటి అని చెప్పుకొనుటకు అందు వీలు కలదు. సుమారు తొమ్మిదేండ్లు అగస్టీను అందులో ఉండెను. తన మిత్రులనుగూడ లాగెను.

అతడు తగాస్తేకు ఉపాధ్యాయుడుగా తిరిగివచ్చినపుడు మోనికా కుమారుని తన యింట ఉండనిచ్చుటకును, తన పంక్తిని భుజించుటకును అంగీకరింపలేదు. బిడ్డ మరణించిన తల్లులు ఏడ్చునంతకంటె అధికముగా ఆమె ఏడ్చెను. ఇంతలో ఆమెకొక కల వచ్చెను. తానొక కొయ్యబద్దపై నిలిచి శోకించుచున్నదట. కాంతిమంతుడైన ఒక యువకుడు నవ్వుచు వచ్చి కారణమడిగెనట. కుమారుని వినాశమునకై యేడ్చుచున్నానని ఆమె చెప్పగా, నీవున్నచోటనే అతడును ఉన్నాడు, చూడుమని ఆ యువకుడు పలికెనట. తిరిగిచూడగా అగస్టీను ఆ బద్దపైననే తన ప్రక్కన నిలిచియుండెనట.

ఆ కల విని అగస్టీను చమత్కరింపబోయెను. తల్లియే ఒకనాడు తన మతములోనికి వచ్చునని దాని యర్థమనెను. మోనికా క్షణమైనను తడుముకొనక, అతడున్నచోట నేనుందునని చెప్పలేదు, నేనున్నచోట అతడుండునని చెప్పెనని సవరించినది. తర్కశాస్త్రము నేర్చిన కుమారునికి నోట మాట రాలేదు. కలకంటెను ఆ సమాధానమే తన్ను ఎక్కువగా కదలించెనని అతడు వ్రాసికొనెను. నాటి నుండి ఆమె కుమారుని తిరిగి ఇంట చేర్చుకొనెను. ఈ మలుపు గమనింపదగినది. అతడు మారలేదు, మారునన్న నమ్మకము మాత్రమే ఆమెకు కలిగినది. మారిన పిదప చేర్చుకొనుట న్యాయము. మారకమునుపే చేర్చుకొనుట ప్రేమ. తప్పిపోయిన కుమారుని ఉపమానమున, వాడింకను దూరమున నుండగనే తండ్రి పరుగెత్తి ఎదుర్కొనుటలోని మర్మము ఇదియే.

ఆమె ఒక బిషప్పును ఆశ్రయించి, కుమారునితో వాదించి మనసు త్రిప్పుమని వేడుకొనెను. ఆయన బాల్యమున మాని మతస్థుల నడుమ పెరిగి, వారి గ్రంథములను స్వయముగా చదివి, వ్రాసి, ఎవరును వాదింపకయే బయటపడినవాడు. మీ వానికి ఇంకను వినయము అలవడలేదు, ఇప్పుడు వాదించిన ప్రయోజనము లేదు, ప్రార్థింపుమని ఆయన చెప్పెను. మోనికా విడువలేదు. కన్నీరు కార్చుచు మరల మరల బ్రతిమాలెను. ఆయన కొంత విసుగుచెంది, ఇంతటి కన్నీటికి బిడ్డయైనవాడు నశించుట అసంభవమని చెప్పి ఆమెను పంపివేసెను. విసుగుతో పలికిన ఆ మాటను మోనికా ఆకాశవాణిగా గ్రహించినది.

383వ సంవత్సరమున జరిగిన సంఘటన ఈ చరిత్రకంతకును కీలకమైనది. అగస్టీను కార్తేజిలో అలంకారశాస్త్రము బోధించుచుండెను. అచ్చటి విద్యార్థుల అల్లరి మితిమీరినది. తమ గురువు కాకున్నను తరగతిలోనికి గుంపుగా జొరబడి పాఠము చెడగొట్టుట వారికి ఆట. రోము నగరమున విద్యార్థులు అణకువ గలవారని విని అతడు అచ్చటికి పోదలచెను. తల్లి సముద్రతీరము వరకు వెంబడించి, మరలి రమ్మని గాని, తన్ను తోడుకొనిపొమ్మని గాని పట్టుపట్టినది. అతడు అబద్ధమాడెను. ప్రయాణము తనది కాదనియు, మిత్రుని సాగనంప వచ్చితిననియు చెప్పి, ఓడకు సమీపముననున్న సిప్రియను సాధువు స్మారకమందిరమున రాత్రి గడుపుమని ఆమెను ఒప్పించెను. ఆమె అచ్చట రాత్రియెల్ల ప్రార్థించుచుండగా గాలి అనుకూలించినది. ఓడ సాగిపోయినది. తెల్లవారి ఆమె ఒడ్డున నిలిచి శోకముతో వెఱ్ఱిదానివలె ఆక్రందించెను.

ఆ రాత్రి ఆమె దేవుని కోరినది ఒక్కటే: కుమారుని పోనీయకుమని. ఆ కోరిక నెరవేరలేదు. కాని అతడు పోవలసిన దారి అదే. రోమునకు పోకున్న మిలానునకు పోడు. మిలానునకు పోకున్న ఆమె జీవితమంతయు కోరిన ఫలము సిద్ధింపదు. దైవము ఆమె ఆనాటి ప్రార్థనను నిరాకరించి, అన్నినాళ్ల ప్రార్థనను ఆలకించెనని అగస్టీను వ్యాఖ్య. అంతేకాదు. బిడ్డ తన కన్నులయెదుట నుండవలెనన్న తల్లుల సహజవాంఛ ఆమెలో మిక్కుటముగా నుండెననియు, ఆ దుఃఖము దానికి తగిన శిక్షయైనదనియు అతడు మొగమోటము లేక వ్రాసెను. పోనీయని ప్రేమకును, పోనిచ్చి వెంట నడచు ప్రేమకును గల భేదము ఆ ఒడ్డున మోనికా నేర్చుకొనవలసివచ్చినది.

రోములో అగస్టీను జ్వరముతో మృత్యుముఖమున పడి బ్రతికెను. విద్యార్థులు అల్లరి చేయలేదు గాని, జీతము చెల్లింపవలసిన సమయమునకు మూకుమ్మడిగా మరియొక గురువు నొద్దకు మారిపోవు విద్య వారికి తెలిసియుండెను. 384లో నగరాధ్యక్షుడు సిమ్మాకసు సిఫారసుపై అతడు మిలాను నగరమున అలంకారశాస్త్రాచార్యుడుగా నియుక్తుడయ్యెను. అచ్చటి బిషప్పు అంబ్రోసు మహావక్త. వాక్చాతుర్యము పరిశీలించుటకు పోయిన అగస్టీను, మాటలతోపాటు అర్థమునుగూడ గ్రహింపసాగెను.

మోనికా కుమారుని వెదకికొనుచు సముద్రము దాటి 385లో మిలాను చేరెను. తుపాను రేగి నావికులు జంకినపుడు ప్రయాణికురాలైన ఆమెయే వారికి ధైర్యము చెప్పినదట. కుమారుడు మాని మతమును విడిచెను గాని క్రైస్తవుడింకను కాలేదని విని ఆమె పొంగిపోలేదు, కృంగిపోలేదు. ఆఫ్రికాలోని ఆచారము చొప్పున మృతవీరుల సమాధులకు అంబలి, రొట్టె, ద్రాక్షారసము కొనిపోగా, బిషప్పు నిషేధించెనని ద్వారపాలకుడు అడ్డగించెను. చిన్ననాటి నుండి పాటించిన ఆచారమును ఆమె మారుమాట లేక మానివేసినది. 386లో చక్రవర్తి తల్లి జస్టీనా ఒక ఆలయమును తన శాఖవారికి ఇమ్మని బలవంతపెట్టినపుడు, ప్రజలు అంబ్రోసుతోపాటు ఆలయమున జాగరము చేసిరి. ఆ జాగరమున మోనికా ముందు నిలిచెను.

ఇదే కాలమున ఆమె చేసిన యొక పని నేటి పాఠకుని మనసున ముల్లువలె మిగులును. కుమారుని ఒక ఇంటివాని చేయవలెనని, జ్ఞానస్నానమునకు దారి ఏర్పడునని, ఆమె శ్రమపడి ఒక సంపన్నకన్యను నిశ్చయించెను. ఆ బాలికకు వివాహయోగ్యమైన వయసు వచ్చుటకు ఇంకను రెండేండ్లు పట్టును. పదేండ్లకు పైగా అగస్టీనుతో కాపురము చేసి, బిడ్డను కన్న స్త్రీ ఈ సంబంధమునకు అడ్డమని, ఆమెను ఆఫ్రికాకు పంపివేసిరి. ఆమె కుమారుని విడిచి, ఇక పరపురుషుని ఎరుగనని వ్రతము పట్టి వెడలిపోయెను. ఆమె పేరైనను మనకు మిగులలేదు. ఆమెయు ఒక తల్లియే. తన బిడ్డకై ఇన్నేండ్లు ఏడ్చిన మోనికా, బిడ్డను విడిచిపోవు మరియొక తల్లి కన్నీటిని ఎట్లు చూడగలిగినదో!

ఈ వివాహమును గూర్చి ఆమె దైవసూచన కొరకు ప్రార్థించెనట. కొన్ని కలలు వచ్చినవట గాని, అవి తన కోరికల కల్పనలేయని ఆమెయే ఒప్పుకొనెను. దైవము తెలుపుదానికిని, తన మనసు కల్పించుకొనుదానికిని మాటలకందని ఒక రుచిభేదము తనకు తెలియునని ఆమె చెప్పెడిది. ఈ సత్యసంధత గొప్పది. తల్లి ప్రేమ ప్రతిబింబమే గాని బింబము కాదు. ఏది తన యాశ, ఏది దైవసంకల్పము అని తేల్చుకొనగలుగుట ఆ అద్దమును తుడుచుకొనుట వంటిది. ఆమె తలపెట్టిన ఆ వివాహము జరుగనే లేదు.

386 వేసవి చివర మిలానులోని ఒక తోటలో అగస్టీను అంతర్మథనముతో విలపించుచుండెను. పొరుగింటి నుండి, తీసి చదువుమని పదే పదే పాడు ఒక పసికంఠము వినబడినది. పౌలు లేఖలు విప్పి చదివెను, సంశయము తొలగినది. మొట్టమొదట పోయి చెప్పినది తల్లికే. ఆమె ఆనందమునకు మేర లేదు. మనుమలను ఆశించిన తల్లికి, సన్న్యాసియగు కుమారుడు లభించెను. తాను కోరినదానికంటె మిన్నయైనదే దొరికెనని ఆమె సంతోషించినది.

అగస్టీను ఉద్యోగమునకు స్వస్తి చెప్పి, మిత్రునికి చెందిన కస్సిసియాకుము అను పల్లెయింట మిత్రులతో, శిష్యులతో విడిసెను. మోనికా వారికందరికిని తల్లియై వండి వడ్డించినది. వారి తత్త్వగోష్ఠులలో పాల్గొనినది. నవంబరు నెలలో అగస్టీను జన్మదినమున నిజమైన సుఖమేది అను చర్చ బయలుదేరెను. కోరినది దొరికినవాడు సుఖియా అని కుమారుడు ప్రశ్నింపగా, మేలైనది కోరి పొందినవాడే సుఖి, చెడును కోరినవాడు దానిని పొందినను దుఃఖియేయని ఆమె తేల్చినది. సిసిరో పండితుడు గ్రంథమున నిరూపించిన విషయమును బడి చదువు లేని తల్లి సహజముగా పలుకుట చూచి కుమారుడు పులకించెను. స్త్రీల మాటలు గ్రంథములకెక్కుట ఎందైన కలదా అని ఆమె సంకోచింపగా, పూర్వము స్త్రీలును తత్త్వవిచారము చేసిరని అతడు నచ్చచెప్పెను. ఒకనాడు ఆడుదాని మాటయని త్రోసివేసిన కుమారుడు ఇప్పుడు ఆ మాటలనే గ్రంథస్థము చేసెను.

387 ఏప్రిల్ 24వ తేదీ రాత్రి, ఈస్టరు జాగరమున, అంబ్రోసు చేతులమీదుగా అగస్టీను, పదునైదేండ్ల అడియోడాటసు, మిత్రుడు అలీపియసు జ్ఞానస్నానము పొందిరి. అందరును స్వదేశమునకు బయలుదేరి, టైబరు నదీముఖమున నున్న ఓస్టియా రేవు చేరిరి. అంతర్యుద్ధము వలన సముద్రమార్గము మూతపడగా అచ్చట ఆగవలసివచ్చెను. ఒకనాడు తల్లియు కుమారుడును తోటవైపు కిటికీకి ఆనుకొని, సాధువుల నిత్యజీవనము ఎట్టిదో అని మాటలాడుకొనిరి. చూచు జగత్తును, తమ ఆత్మలను గూడ దాటి, ఒక్క లిప్తకాలము ఆ శాశ్వతజ్ఞానమును హృదయముతో స్పృశించినట్లు వారికి తోచెను. పిదప నిట్టూర్చి మరల మాటల లోకమునకు దిగివచ్చిరి. ఒడ్డున విడిచి పారిపోయిన కుమారుడు నాలుగేండ్లకు మరియొక ఒడ్డున తల్లి ప్రక్కన నిలిచెను. కొయ్యబద్ద కల నిజమైనది.

తన ఆశ తీరినదనియు, ఇక ఈ లోకమున తనకేమి పనియో తెలియకున్నదనియు ఆనాడామె చెప్పెను. ఐదారు దినములకు జ్వరము తగిలినది. తగాస్తేలో భర్త సమాధి ప్రక్కన తన సమాధి ఉండవలెనని ఆమె చిరకాలముగా ఏర్పాటు చేసికొనియుండెను. ఇప్పుడు, తన దేహమును ఎచ్చటనైన పాతిపెట్టుడనియు, దానికై చింత వలదనియు, దైవపీఠమునొద్ద తన్ను స్మరించిన చాలుననియు కోరెను. పరదేశమున కాక స్వదేశమున కన్నుమూసిన బాగుండునని నవీజియసు అనగా, ఆమె మందలించు చూపు చూచినది. దేవునికి ఏ చోటును దూరము గాదని ఆమె చెప్పెడిది. తొమ్మిదవ దినమున, తన 56వ యేట, ఆమె పరమపదించెను. అగస్టీనుకు అది 33వ యేడు.

ఓడ వెంట పరుగెత్తిన తల్లి, తన సమాధిని గూర్చియైనను పట్టుదల లేని స్థితికి వచ్చినది. కదలు నీటిలో చంద్రబింబము ముక్కలై కనబడును. నీరు నిలిచినపుడు నిండుగా కనబడును. మోనికా ప్రేమ తగ్గలేదు. దానిలోని అలజడి తగ్గినది. దైవప్రేమకు ప్రతిబింబముగా ఆమెను లోకము గౌరవించుట అందుచేతనే.

అడియోడాటసు బిగ్గరగా ఏడ్చెను. అగస్టీను తత్త్వవేత్తకు తగదని కన్నీటిని బలవంతముగా ఆపుకొనెను. స్నానము చేసినను దుఃఖము తగ్గలేదు. నిద్రించి లేచిన పిదప ఒంటరిగా, దేవునియెదుట, తల్లి కొరకు తనివితీర ఏడ్చెను. తన్నుగూర్చి ఇన్నేండ్లు ఏడ్చిన తల్లికై కొద్దిసేపు ఏడ్చినందుకు ఎవరును నవ్వవలదని అతడు పాఠకులను వేడుకొనెను.

అతడు 388లో ఆఫ్రికా చేరెను. దైవదత్తుడు కొలదికాలమునకే మరణించెను. అగస్టీను 391లో హిప్పో నగరమున గురుపట్టము పొంది, తరువాత బిషప్పుగా చిరకాలము సేవచేసి, వాండలు జాతివారు నగరమును ముట్టడించియుండగా 430 ఆగస్టు 28న దేహము చాలించెను. వెనుదిరిగి చూచుకొన్నపుడు, యౌవనమున తాను తిరస్కరించిన తల్లి హెచ్చరికలు దేవుని మాటలేయని ఆయన గ్రహించెను. దేవుడు మౌనముగా నున్నాడనుకొన్నాడు; ఆమె కంఠమున ఆయన పలుకుచునే యుండెను. ఇది ఆయన ఒప్పుకోలులలో మిక్కిలి మర్మస్పర్శియైనది.

మోనికా అస్థికలను 1430లో రోము నగరమునకు చేర్చిరి. అవి నేడు కుమారుని పేరనే వెలసిన ఆలయమున నున్నవి. 1945లో ఓస్టియాలో ఇద్దరు బాలురు ఆటకై గుంజ పాతుటకు గొయ్యి త్రవ్వుచుండగా ఒక పాలరాతి ముక్క బయటపడినది. అది ఆమె సమాధిపై ప్రాచీనకాలమున చెక్కిన శాసనములోని భాగమని పండితులు నిర్ణయించిరి. కథోలిక సంఘము ఆగస్టు 27న తల్లి పండుగను, మరునాడు కుమారుని పండుగను జరుపుకొనుచున్నది. పంచాంగమునగూడ ఆమె కుమారునికి ఒక్క దినము ముందే నడచుచున్నది.

మన తరగతి గదులలో చివరి బల్లపై కూర్చుండి, ఏ మాటయు చెవికెక్కించుకొనని విద్యార్థి యొకడు ఎల్లప్పుడును ఉండును. వాని యింట వానికొరకు కన్నీరు కార్చు తల్లి యొకతె ఉండవచ్చును. వానిని విడిచిపెట్టుటకు ముందు మనము ఆమెను తలచుకొనుట మంచిది.